ఆరు పొగలు లెక్కపెట్టే ఎన్సిక్

ఉదయం ఆరున్నర పడవలో ద్వీపానికి చేరాను. అప్పుడే వాన వెలిసింది. జెట్టీ చెక్కలు జారుతున్నాయి. వీపున కిట్ బ్యాగు, జేబులో ఆర్డరు కాగితం. ఆ కాగితం ప్రకారం నేను నాలుగు నెలలపాటు పాత కోటలో కాల్పుల ప్రదర్శన దళంలో సార్జెంటుని. ఆస్ట్రేలియా ఎండలో, బ్రునై అడవిలో పడుకున్నవాణ్ని. టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ల ముందు నిలబడే డ్యూటీ అదే మొదలు. నా మోకాలు చూసి డాక్టరు రాసిన రాత అది.

ఆర్మీలో ఏం చేశావని ఇంటి చుట్టుపక్కలవాళ్లు అడుగుతుంటారు. ఆస్ట్రేలియా గురించి చెబితే రెండు నిమిషాల్లో ఫోను తీసుకుంటారు. ఈ కోట గురించి చెబితే టీ చల్లారిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

జెట్టీ చివర ఒక సన్నటి మనిషి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మలయ్ ఆయన. మీసం తెల్లబడింది. ఇస్త్రీ మాత్రం కత్తిలా ఉంది.

"సార్జెంట్ నైడూ?"

"నాయుడు, ఎన్సిక్."

"అదే. నైడూ. టిఫిన్ తిన్నావా? తినకపోతే తిను. ఖాళీ కడుపుతో తుపాకి మందు కొరికితే వాంతి అవుతుంది, లా."

మా సైన్యంలో వారంట్ ఆఫీసరుని సార్ అనరు, ఎన్సిక్ అంటారు. మలయ్‌లో అయ్యగారు అన్నట్టు. ఆయన మాట మలయ్ కలిసిన ఇంగ్లిషు. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, చివరి లాలు మాత్రం ఆయనవే. ఆ కోటలో మాకు కమాండరు ఆయనే. పింఛను తీసుకోవడానికి ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. ఆయన కోరిక ఒక్కటే. చివరి శనివారం కూడా ఆ తుపాకుల వరస దగ్గరే నిలబడి, అక్కణ్నుంచే ఇంటికి వెళ్లాలి. వచ్చిన మొదటి రోజే నాకు చెప్పేశాడు.

"అవతల ఊళ్లో పాయా లేబర్లో ఏదో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రిటైర్ అవను. ఇక్కణ్నుంచి పోతాను. నువ్వు ఏదైనా గడబిడ చేసి నన్ను ఆఫీసుకి పంపావో, మీ ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్తాను."

తుపాకి చేతికిచ్చాడు. నిలబెడితే నా భుజం దాకా వచ్చింది. బరువు నాలుగు కిలోల పైమాటే. మద్రాసు వైపు నుంచి వచ్చిన సిపాయిలు ఈ ఊరికి కాపలా కాసిన కాలం నాటి రకం. మన కోస్తావాళ్లు కూడా ఆ పటాలాల్లో ఉండి ఉంటారు. దీనికి మ్యాగజైను లేదు, బుల్లెట్ల పట్టీ లేదు. మందు మూతి నుంచే పోయాలి. కాగితం పొట్లం పళ్లతో చింపాలి. మందు గొట్టంలో ఒంపాలి. ఆ కాగితాన్నే ఉండ చుట్టి మూతిలో పెట్టి, ఇనప కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. కడ్డీ తీసి దాని చోట దూర్చాలి. సుత్తి సగం ఎత్తి రాగి క్యాపు తొడగాలి. పూర్తిగా ఎత్తాలి. సముద్రం వైపు గురి. మీట.

దీపావళికి కేపులు కొట్టినవాళ్లకి ఆ క్యాపు సంగతి వేరే చెప్పక్కర్లేదు. సుత్తి పడితే పేలుతుంది. దాని నిప్పు సన్న గొట్టంలోంచి లోపలికి వెళ్లి అసలు మందుని అంటించాలి. క్యాపు పేలడానికీ తుపాకి పేలడానికీ మధ్య రెప్పపాటు ఉంటుంది. మొదటివారం నేను సరిగ్గా ఆ రెప్పపాటులోనే కళ్లు మూసేసేవాణ్ని. ఆధునిక రైఫిల్‌తో వేల గుళ్లు కాల్చినవాణ్ని, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయేవాణ్ని. కంటికి జానెడు దూరంలో నిప్పు లేస్తుంటే మరేం చేస్తాం.

"నైడూ, నిద్ర వస్తోందా?" అనేవాడు ఎన్సిక్. "మళ్లీ."

మందు ఉప్పగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉండేది. పెదాలు నల్లబడేవి. సాయంత్రం బెడోక్‌లో మా ఫ్లాట్ తలుపు తీసిన అమ్మ ముఖం చూసి ఆగిపోయేది. మా ముత్తాత విశాఖ వైపు నుంచి ఓడలో ఈ దేశానికి వచ్చాడు. అమ్మ ఇక్కడే పుట్టింది. అయినా తెలుగు మాత్రం వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదే.

"ఏటిరా అది, బొగ్గు తిన్నావా?"

"తుపాకి మందమ్మా. నోటితో చింపాలి."

"కాగితానికి ఏటి రాస్తారు? శనివారం పూట ఏ జంతువు కొవ్వో నోట్లో ఎట్టుకుంటే ఊరుకోను. మనవోళ్లు ఆ రోజుల్లో దాని మీదే కదా తిరగబడ్డారు."

"తేనెమైనం అమ్మా. చెమ్మ తగలకుండా. మేమే చుట్టుకుంటాం."

"నువ్వు చుట్టింది నువ్వే తిను. మీ ఎన్సిక్‌ని ఓసారి మకాన్‌కి తీసుకురా, అడుగుతాను." అమ్మకి భోజనం ఎప్పుడూ మకానే.

శని, ఆదివారాల్లో పదకొండింటికి ప్రదర్శన. ఎర్ర ఉన్ని కోట్లు. ఆ కోటు ఎవరు కుట్టించారోగాని, ఈ ఊరి ఎండ వాడికి తెలియదు. ఆరుగురం వరసగా నిలబడేవాళ్లం. నేను నాలుగో నంబరు. నా కుడిపక్క ఐదో నంబరు మెడిక్, చైనీస్ కుర్రాడు. అందరూ డాక్ అనేవాళ్లం. గోడ మీద బురుజులో రేడియో మనిషి. కాల్చేముందు అతని గొంతు వచ్చేది.

"ఫోర్ట్, టవర్. ఎదుట పడవలు లేవు. సముద్రం క్లియర్. ఓవర్."

రేడియోకి ఎప్పుడూ డాకే జవాబు చెప్పేవాడు. ఎన్సిక్ మా వెనక ఎడమవైపు నిలబడి ఆర్డర్లు ఇచ్చేవాడు. ఆరూ పేలాక గట్టిగా "ఎనామ్" అనేవాడు. మలయ్‌లో ఆరు అని. ఆ ఒక్క మాట మీదే మా ప్రాణాలు ఉండేవి. ఎందుకో చెబుతాను.

ఇలాంటి తుపాకి ఉన్నవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి ఉంది. చెవుల్లో బిరడాలు. అటొకటి ఇటొకటి తుపాకులు. ఆరూ ఒకేసారి మోగితే నీది పేలిందో లేదో నీకు తెలియదు. పక్కవాడి దెబ్బ నీ చెంపకి తగులుతుంది, అది నీదే అనుకుంటావు. పేలలేదని తెలియక దాని మీద ఇంకో పొట్లం దట్టిస్తావు. మూడోది కూడా. తర్వాత ఎప్పుడో క్యాపు నిప్పు లోపలికి దిగితే అన్నీ కలిసి పేలతాయి. అప్పుడు గొట్టం ఉంటుందో ఊడుతుందో, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉంటుందో ఊడుతుందో. అందుకే వెనక నిలబడినవాడు లెక్కపెట్టాలి. ఆరు వినపడకపోతే ఆపేయాలి.

"మీరు కాల్చండి, నేను వింటాను," అనేవాడు ఎన్సిక్. ప్రదర్శనలో ఆయన ఎప్పుడూ తుపాకి పట్టలేదు. కమాండరు కాల్చడు.

కాల్పులయ్యాక తుపాకులు వేడినీళ్లతో కడగాలి. గొట్టంలో నల్లటి నీళ్లు, కుళ్లు వాసన. ఎన్సిక్ బల్ల చివర, మా అందరి ముఖాలూ కనపడేలా కూర్చుని మాతో పాటు కడిగేవాడు. మేం జోకులు వేసుకుంటే అందరికంటే కాస్త ఆలస్యంగా, అందరికంటే పెద్దగా నవ్వేవాడు. పెద్దాయన కదా, మా కుర్రతనపు జోకు అర్థం కావడానికి టైము పడుతోంది అనుకునేవాణ్ని. పడవ దాకా రోజూ నా కిట్ బ్యాగు తనే మోస్తానని పేచీ పెట్టేవాడు, నా మోకాలి కోసం. నేను ఇవ్వకపోతే అలిగేవాడు. అంత ఇష్టంగా నన్ను తిట్టిన పై అధికారి ఇంకొకరు లేరు.

ఆయనకి ఇంకా రెండు శనివారాలే మిగిలి ఉన్నాయి. ఆ శనివారం గాలి లేదు. ఆకు కదలడం లేదు. పడమట మబ్బు కట్టి ఆగిపోయింది. జనం బాగా వచ్చారు, ఒక స్కూలు పిల్లలు కూడా. ఉన్ని కోటు లోపల వీపు ఉడికిపోతోంది.

మొదటి రౌండు. మీట నొక్కాను. క్యాపు పేలింది, నిప్పు చూశాను. తర్వాత చెంప మీద దెబ్బ. పొగ మా ముఖాల ముందే గోడలా నిలిచిపోయింది. కదలదు.

"ఎనామ్," అని వెనకనుంచి అరుపు. "లోడ్."

అందరి చేతులూ నడుం దగ్గర తోలుపెట్టెలోకి వెళ్లాయి. నా చెయ్యి వెళ్లలేదు. భుజానికి ఏదో తక్కువైంది. దెబ్బ చెంపకి తగిలింది, భుజానికి తగిలిందా? తెలియలేదు. ఎన్సిక్ ఆరన్నాడు. ఆయన ఆరంటే ఆరే. అయినా పొట్లం తీయకుండా, డ్రిల్లుకి విరుద్ధంగా, కడ్డీని గొట్టంలోకి వదిలాను. ఖాళీ గొట్టమైతే ఇనుము ఇనుముకి కొట్టుకుని కడ్డీ చేతిలోకి ఎగురుతుంది. నాది ఎగరలేదు. మెత్తగా దిగి కూర్చుంది.

"ఫోర్, మిస్‌ఫైర్," అని అరిచాను.

వెనకనుంచి తర్వాతి ఆర్డరు వచ్చింది. "రామ్." కడ్డీతో దట్టించమని.

మళ్లీ అరిచాను. పిల్లలు నావైపు చూస్తున్నారు. ఎన్సిక్ ఆపలేదు. ఆపింది డాక్. అరచెయ్యి తల మీదకి ఎత్తాడు. ఆ చెయ్యి చూశాక ఎన్సిక్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా కడ్డీ బయటికి ఎంత పొడుచుకొచ్చిందో చూశాడు. ముఖం పాలిపోయింది. మూతి సముద్రం వైపే ఉంచి కాసేపు ఆగాం. కడ్డీ బయటికి లాగి, క్యాపు గొట్టాన్ని సూదితో పొడిచి కొత్త క్యాపు తొడిగాడు. కాల్చాను. ఈసారి భుజానికి తగిలింది. జనం చప్పట్లు కొట్టారు, అది కూడా ప్రదర్శనలో భాగం అనుకుని.

ప్రదర్శన అక్కడితో ముగించారు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండుసార్లు అరిచాను కదా. పిల్లల ముందు పరువు పోతుందని విననట్టు ఊరుకున్నాడని అనుకున్నాను. తుపాకి కడుగుతూ ఆయన వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఆ రోజు నా బ్యాగు నేనే మోసుకున్నాను, పేచీ లేకుండా. మర్నాటి ప్రదర్శన కూడా లేదన్నారు.

ఆదివారం సాయంత్రం మా ఫ్లాట్ బెల్లు మోగింది. ఎన్సిక్. చేతిలో కువే పొట్లం, ఆకుపచ్చ రంగు మలయ్ మిఠాయి. బాటిక్ చొక్కాలో వేరే మనిషిలా ఉన్నాడు. అమ్మ నాకంటే ముందే కుర్చీ వేసేసింది. హలాల్ పట్టింపు ఉంటుందని మాంసం ఊసెత్తకుండా అరిటాకులో అన్నం, చేపల పులుసు, బెండకాయ వేపుడు పెట్టింది. ఇద్దరూ మలయ్‌లో కబుర్లలో పడ్డారు. నేను ముభావంగా తింటున్నాను.

అమ్మ వంటింట్లోకి వెళ్లి అక్కణ్నుంచి ఇంకాస్త అన్నం వెయ్యమంటారా అని మలయ్‌లో అడిగింది. ఆయన తింటున్నాడు. మళ్లీ అడిగింది. జవాబు లేదు. అమ్మ గరిట పట్టుకుని ఆయన ముందుకొచ్చి అడిగింది. ఆయన నవ్వి చాలన్నాడు. అమ్మ నావైపు ఒక చూపు చూసింది. మంచినీళ్ల వంకతో నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆయనకి వినపడదురా."

"ఏం మాట్లాడుతున్నావమ్మా?"

"నాకు తెల్దేటి? మీ తాత షిప్‌యార్డులో తుప్పు కొట్టీ కొట్టీ చెవులు పోయిన మనిషి. ఇలగే ముఖం సూసి మాటాడీవోడు. అందరూ నవ్వాక నవ్వీవోడు. మాకు తెలిసీసరికి ఎన్నేళ్లయిందో. కెసియాన్ రా, పాపం. నువ్వు మూతి ముడుసుకుని కూకున్నావు."

నాలుక కరుచుకున్నాను. బల్ల చివర కూర్చోవడం, ఆలస్యంగా నవ్వడం, రేడియో డాక్‌కి ఇవ్వడం, అన్నీ ఒకేసారి కళ్లముందుకొచ్చాయి. నిన్నటి కోపం నీళ్లైపోయింది. ఆయనంటే ఎంత ప్రేమో నాకు ఆ వంటింట్లోనే తెలిసింది.

లిఫ్టు దాకా వెంట వెళ్లాను. భుజం తట్టి నావైపు తిప్పుకున్నాను. పెదాలు కనపడేలా అడిగాను.

"ఎన్నాళ్ల నుంచి, ఎన్సిక్?"

ఆయన దబాయించలేదు. లిఫ్టు వచ్చి తెరుచుకుంది, మూసుకుంది.

"కుడిది ఎప్పుడో పోయింది. మోర్టార్ల మోత. ఎడమది కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తోంది. చప్పుడు తెలుస్తుంది, ఎన్ని చప్పుళ్లో తెలియదు."

"మరి లెక్క?"

"పొగ. ఆరు తుపాకులకి ఆరు పొగలు. సముద్రం గాలి ఎత్తుకుపోయేలోపల లెక్కపెట్టేస్తాను. ఎప్పుడూ తప్పలేదు. నిన్న గాలి లేదు. గోడలా నిలబడిపోయింది. ఆరే అనుకున్నాను. అనుకుని అరిచాను." నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. "నీ చెయ్యి పోయేది, నైడూ. రేపు పొద్దున్నే మేజరుకి చెప్పేస్తాను. ముందు నీకు చెప్పాలని వచ్చాను. మీ అమ్మ పులుసు పోసేసరికి నోరు రాలేదు, లా."

"చెబితే ఆఫీసుకి పంపేస్తారు."

"పంపుతారు. పంపాలి కూడా."

సోమవారం చెప్పేశాడు. పక్కన నేనూ డాక్ ఉన్నాం. మేజరు నాకంటే చిన్నావిడ. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొత్తం విన్నది. కమాండ్ ఆయనకి ఇక కుదరదు, రిటైరయ్యేదాకా పాయా లేబర్లో కూర్చోవాలి అంది. ఎన్సిక్ సెల్యూట్ కొట్టి బయటికి వెళ్లాడు. ఆ నడక నేను చూడలేకపోయాను. నాకు కోపం వస్తే ర్యాంకు గుర్తుండదు. అది నా జబ్బు.

"మేడమ్, ఆయన వినలేరు కాబట్టి లెక్కపెట్టకూడదు. సరే. కాల్చడానికి వినడం దేనికి? చెవుల్లో బిరడాలు పెట్టుకున్నాక ఆ వరసలో ఆరుగురం చెవిటివాళ్లమే."

"ఆర్డర్లు మీకు వినపడతాయి కదా?"

"డాక్ పక్కనే ఉంటాడు. మోచెయ్యి తగిలిస్తాడు. నా చోట ఆయన నిలబడతారు. వెనక నేను నిలబడి లెక్కపెడతాను. ఆ చివరి శనివారం ఒక్కటే."

మేజరు డాక్ వైపు చూసింది. "చేతులెలా ఉన్నాయి ఆయనవి? కళ్లు?"

"చేతులు నావాటికంటే నిలకడ, మేడమ్. కళ్లు కూడా."

ఆవిడ క్యాలెండరులో ఆ శనివారం మీద వేలు పెట్టింది. "ముందు రిహార్సల్ చూస్తాను. నచ్చితే రెండు రౌండ్లు. అంతే. గాలి లేకపోతే అదీ లేదు."

రిహార్సల్ చూసింది. నచ్చింది. నా ఎర్రకోటు ఎన్సిక్‌కి వదులు. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. కోటు ఇంటికి తీసుకెళ్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని చేతులు మడిచి కుట్టింది. కుడుతున్నంతసేపూ వాళ్ల నాన్న గురించి చెబుతూనే ఉంది.

ఆ శనివారం గాలి ఉంది. ఎన్సిక్ భార్య, ఇద్దరు కూతుళ్లు తాడు వెనక మొదటి వరసలో నిలబడ్డారు. "ఫోర్ట్, టవర్. సముద్రం క్లియర్. ఓవర్." ఈసారి రేడియో నేను అందుకున్నాను. ఆర్డర్లు నేనిచ్చాను. నా ముందు ఆ సన్నటి వీపు, దాని మీద నా కోటు. డాక్ మోచెయ్యి కదలడం చూశాను. రెండు రౌండ్లూ పేలాయి. రెండుసార్లూ చెవులతో ఆరు విన్నాను, కళ్లతో ఆరు పొగలు చూశాను. తర్వాత తుపాకులు కడిగాం. ఆయన తన తుపాకి ఎవరికీ ఇవ్వలేదు. నాలుగింటి పడవకి జెట్టీకి నడిచాం. నా బ్యాగు లాక్కున్నాడు. ఇచ్చేశాను. అవతలి గట్టున ఆయన కుటుంబంతో బస్సెక్కాడు, నేను ట్రైనెక్కాను. నా టూరు ఇంకో నెలకి ముగిసింది. మరుసటి ఏడాది మోకాలు నన్ను కూడా సైన్యం నుంచి పంపేసింది.

ఇప్పుడు ఆంగ్ మో కియో పేటలో లిఫ్టుల మరమ్మతు చూస్తున్నాను. ఎన్సిక్ బాగున్నాడు. చెవికి మిషను పెట్టుకుని, బ్యాటరీ అయిపోయిందనే వంకతో భార్య మాట తప్పించుకుంటున్నాడట. పండక్కి అమ్మ పులుసు పంపుతుంది, ఆయన కువే పంపుతాడు.

కానీ నాకు ఆ రెండో రౌండే కనపడుతుంది. ఆరూ పేలాయి. పొగ లేచింది. నేను "ఎనామ్" అని గొంతు చించుకుని అరిచాను. ఐదుగురు తుపాకులు దించారు. నాలుగో మనిషి దించి, అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి నావైపు చూశాడు. పెదాల నిండా మసి. ఇన్నాళ్లూ ఇంకొకరి తుపాకి పేలిందో లేదో చెప్పిన మనిషికి తన తుపాకి పేలిందో లేదో తెలియడం లేదు. కనుబొమలెత్తి నన్ను అడుగుతున్నాడు. నేను రెండు చేతులూ పైకెత్తి ఆరు వేళ్లు చూపించాను. ఆయన ఒకటొకటిగా లెక్కపెట్టుకున్నాడు. పెదాలు కదలడం నాకు కనపడింది. ఆరోది అయ్యాక, పొగలో, చిన్నపిల్లాడిలా నవ్వాడు.